చెట్టెక్కే కథలు, మెట్లెక్కే కథలు: ‘యంగ్ అడల్ట్’ సిరీస్‌లు ఎవరివి?

మా అక్కకు నలభై నాలుగేళ్ళు. చిత్తూరులో ఉంటుంది. ఆమె కూతురు తిరుపతిలో హాస్టల్లో ఉండి ఇంటర్ మొదటి సంవత్సరం చదివింది. వేసవి సెలవులకు ఇంటికి వెళ్తూ పెట్టెలో బట్టల కింద ఎనిమిది పుస్తకాల సెట్టు ఒకటి పెట్టుకుని వెళ్ళింది. వారం తిరగకుండానే నాకు ఫోను.

“మామయ్యా, మూడో పుస్తకం కనిపించడం లేదు. అమ్మే దాచింది.”

నిజమే. పుస్తకం బియ్యం డబ్బా వెనుక దొరికింది, నూట పదో పేజీ దగ్గర కరెంటు బిల్లు మడిచి పెట్టి ఉంది. అట్ట వెనుక ‘12 ఏళ్ళు పైబడిన వారికి’ అని అచ్చు వేశారు. మేనకోడలి వాదన ఏమిటంటే, ఇది తన ఈడు వాళ్ళ కోసం రాసినది, అమ్మకు దీనితో ఏమి పని అని. అక్క వాదన ఇంకా సూటిగా ఉంది. “నీ వయసు నాకు వచ్చింది, పోయింది. నా వయసు నీకు ఇంకా రాలేదు. ఈ పుస్తకం ఎవరికి ఎక్కువ అర్థమవుతుంది?”

తీర్పు చెప్పమని ఇద్దరూ నా మీద పడ్డారు. తీర్పు చెప్పేముందు అసలు ఈ ‘యంగ్ అడల్ట్’ అనే మాట ఏమిటో, ఎదిగే వయసు కథలు ఒక్క పుస్తకంతో ఆగక వరుసగా ఎందుకు వస్తాయో, వాటిని పెద్దవాళ్ళు ఎందుకు వదలలేరో చూడవలసి వచ్చింది.

పేరు పుస్తకాల కంటే చిన్నది

‘యంగ్ అడల్ట్’ అనేది కథల్లోంచి పుట్టిన పేరు కాదు, బీరువాల అవసరం కొద్దీ పుట్టిన పేరు. పిల్లల గదిలోంచి బయటికి వచ్చి పెద్దల గదిలోకి ఇంకా అడుగుపెట్టని పాఠకులను ఎక్కడ కూర్చోబెట్టాలన్నది గ్రంథాలయాల సమస్య. అమెరికా గ్రంథాలయ సంఘం ఈ పాఠకుల కోసం 1957లో ప్రత్యేక విభాగం ఏర్పాటు చేసుకుంది. ఆ తర్వాత పదేళ్ళకు, 1967లో, ఎస్.ఇ. హింటన్ నవల ‘ది అవుట్‌సైడర్స్’ వచ్చింది. రాయడం మొదలుపెట్టినప్పుడు ఆమెకు పదిహేనేళ్ళు, అచ్చులో చూసుకునేసరికి పద్దెనిమిది. ఆ వయసు గురించి ఆ వయసులోనే ఉన్న మనిషి రాసిన పుస్తకం అది. యంగ్ అడల్ట్ సాహిత్యం అక్కడి నుంచే మొదలైందని చాలామంది లెక్క వేస్తారు. మామూలుగా 12 నుంచి 18 ఏళ్ళ పాఠకులను దృష్టిలో పెట్టుకుని ఈ పేరు వాడతారు.

మా ఇంట్లో తగవు తెచ్చిన సెట్టు మాత్రం ఆ పేరు కంటే చాలా పాతది. కెనడా రచయిత్రి ఎల్.ఎం. మాంట్‌గమరీ రాసిన ‘ఆన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్’, దాని తరువాయి పుస్తకాలు. మొదటిది 1908లో వచ్చింది. అప్పటికి ‘యంగ్ అడల్ట్’ అనే అర ఏ బీరువాలోనూ లేదు. తర్వాత ఎవరో గీత గీసి ఈ పుస్తకాలను గీతకు ఇటువైపు పెట్టారు.

మన దగ్గర ఇది తేలికగానే అర్థం కావాలి. 2022 ఏప్రిల్ 3న చంద్రగిరి చిత్తూరు జిల్లాలో ఉంది, మర్నాడు తిరుపతి జిల్లాలో ఉంది. కోట కదలలేదు, చెరువు కదలలేదు. పాలించడానికి గీత కావాలి కాబట్టి గీశారు. పుస్తకాల గీతలూ అటువంటివే. అమ్మడానికి, సర్దడానికి పనికివస్తాయి. దాటితే అడ్డుకునేవారు ఎవరూ ఉండరు.

కౌమారం ఎన్నేళ్ళకు?

తెలుగులో ఈ వయసుకు ‘కౌమారం’ అంటున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఇది 10 నుంచి 19 ఏళ్ళ వరకు. కానీ పాత సంస్కృత శ్లోకం ఒకటి కౌమారం అయిదో ఏటితోనే అయిపోతుందంటుంది. పదేళ్ళ దాకా పౌగండం, పదిహేను దాకా కైశోరం, ఆపైన యౌవనమే. అంటే మన మాటే బట్టలు పొట్టి కాకుండా ఒక పదేళ్ళు పెరిగింది!

చట్టం కూడా ఒక్క మాట మీద లేదు. మనకు పద్దెనిమిదికి మైనారిటీ తీరుతుంది. అయితే యువజనులకు హాని చేసే ప్రచురణలను అరికట్టడానికి 1956లో చేసిన కేంద్ర చట్టం ఇరవై ఏళ్ళు నిండనివారందరినీ యువజనుల కిందే జమ కడుతుంది. ఓటు వేసిన పంతొమ్మిదేళ్ళవాడు ఆ చట్టం ముందు ఇంకా కాపాడవలసిన కుర్రవాడు. అంచులు ఇంత మసకగా ఉన్నప్పుడు అట్ట మీద అచ్చు వేసిన ‘12+’ను శాసనంలా చదవడం కష్టం. అది ప్రచురణకర్త ఇచ్చే సూచన, అంతవరకే.

ఎక్కడ నిలబడి చెబుతున్నారన్నది అసలు తేడా

ఎదుగుదల గురించిన నవలలన్నీ ఎదిగేవారి నవలలు కావు. చాలా గందరగోళం ఇక్కడే. మనిషి బాల్యం నుంచి లోకజ్ఞానం దాకా నడిచే నవలకు జర్మన్లు 19వ శతాబ్దిలోనే ‘బిల్డుంగ్స్‌రోమాన్’ అని పేరు పెట్టారు. 1795–96లో వచ్చిన గేటే నవల ‘విల్‌హెల్మ్ మైస్టర్’ను అందుకు మూలపురుషుడిగా చూపిస్తారు. తెలుగులో కొడవటిగంటి కుటుంబరావు ‘చదువు’ ఈ కోవలోనిదే. సుందరం చిన్నతనం నుంచి పెరిగి పెద్దవాడయ్యే దాకా, అతనితో పాటు ఒక తరం చదువులు ఎటు పోయాయో కూడా అందులో కనిపిస్తుంది. కానీ దాన్ని యంగ్ అడల్ట్ నవల అని ఎవరూ అనరు. ఎందుకు?

ఉదాహరణకు ఒక సంఘటన తీసుకుందాం. పదో తరగతి తప్పిన కుర్రవాడు గోవిందరాజస్వామి కోనేటి గట్టున కూర్చున్నాడు. ఒక రచయిత ఇలా రాస్తారు: “ఆ సాయంత్రం కోనేటి గట్టున కూర్చుని ఏడ్చాను. లోకం అంతటితో అయిపోయిందనుకున్నాను. తర్వాత ఆ దారినే ఎన్నిసార్లు వెళ్ళానో! ఆ మెట్టు చూసినప్పుడల్లా నవ్వు వస్తుంది.”

ఇంకొకరు ఇలా రాస్తారు: “ఏడు దాటింది. గుళ్ళో గంట కొట్టారు. నాన్న ఈపాటికి కొట్టు మూసి ఉంటాడు. ఇంటికి వెళ్ళను. వెళ్ళి ఏమని చెప్పను? చెప్పు తడిసింది, తీయబుద్ధి కావడం లేదు.”

సంఘటన ఒక్కటే. మొదటి దానిలో నలభై ఏళ్ళ మనిషి గట్టు మీది కుర్రవాణ్ణి చూస్తున్నాడు, ఆ కుర్రవాడు బతికి బట్టకట్టాడని మనకు ముందే తెలుసు. రెండో దానిలో ఆ భరోసా లేదు. రాత్రి ఏమవుతుందో కథ చెప్పేవాడికే తెలియదు. యంగ్ అడల్ట్ అని మనం పిలిచేవాటిలో ఎక్కువ భాగం ఈ రెండో గట్టు మీద కూర్చుని రాసినవి.

తిరుపతి పక్కన మిట్టూరు బాల్యాన్ని ఇక్కడి పలుకుబడిలోనే రాసిన నామిని ‘పచ్చనాకు సాక్షిగా’ను, కావలి వీధుల్లో పెరిగిన పిల్లవాడి ‘దర్గామిట్ట కతల’ను ఈ కొలత పక్కన పెట్టి చూడండి. పెద్దయిన మనిషి వెనక్కి తిరిగి చూస్తున్న చూపు వాటిలో ఉంటుంది. వాటి రుచి అంతా అక్కడే ఉంది. పద్నాలుగేళ్ళవాడు చదివితే నవ్వుకుంటాడు. నలభై ఏళ్ళవాడికి నవ్వు మధ్యలో గొంతు పట్టేస్తుంది.

ఈ కొలత అన్నిచోట్లా పనిచేయదని కూడా చెప్పాలి. ఆన్ కథను చెప్పేది ఆన్ కాదు. పక్కన నిలబడి ముసిముసిగా నవ్వే రచయిత్రి గొంతు ఒకటి ఉంది. నా కొలత ప్రకారమైతే ఆ సెట్టును మా అక్కకే ఇవ్వాలి. ఈ సంగతి మేనకోడలికి ఇంకా చెప్పలేదు.

బేతాళుడి దారి, అలిపిరి దారి

ఇక సిరీస్ సంగతి. వరుసగా వచ్చే పుస్తకాలన్నీ ఒక రకం కావు.

1947 జూలైలో మొదలైన ‘చందమామ’లో మనం చదివిన బేతాళ కథలను గుర్తు చేసుకోండి. పట్టు వదలని విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుంటాడు, కథ వింటాడు, నోరు విప్పుతాడు, బేతాళుడు మళ్ళీ చెట్టెక్కుతాడు. వచ్చే నెల మళ్ళీ అదే చెట్టు. ఏ నెల సంచిక దొరికినా చదువుకోవచ్చు, వెనకటిది చదవలేదన్న దిగులు లేదు. డిటెక్టివ్ నవలలు చాలా వరకు ఈ దారే. ఎన్ని హత్యలు తేల్చినా డిటెక్టివుకు ఒక్క వెంట్రుక నెరవదు. ముళ్ళపూడి వారి బుడుగు కూడా ఎన్నిసార్లు చదివినా బుడుగే, వాడు పెరగనందుకే మనకు అంత ముద్దు.

రెండో రకం అలిపిరి దారి. మూడువేల అయిదువందల పైచిలుకు మెట్లలో దేన్నీ దాటవేయడానికి లేదు. గాలిగోపురం దగ్గర ఆగి వెనక్కి చూస్తే ఊరు చిన్నదిగా కనిపిస్తుంది. మోకాళ్ళ పర్వతం దగ్గర కాళ్ళు మొరాయిస్తాయి. ఎదిగే వయసు సిరీస్ ఈ దారినే పోతుంది. మొదటి పుస్తకంలో తగిలిన దెబ్బ మూడో పుస్తకంలో మచ్చగా కనిపించాలి. ఆన్ మొదటి పుస్తకంలో తన జుట్టును కారెట్ అని వెక్కిరించిన గిల్బర్ట్ నెత్తిన పలక పగలగొడుతుంది. ఆ పలక చప్పుడు మూడో పుస్తకం చివర ఆమె అతణ్ణి పెళ్ళాడడానికి ఒప్పుకునే దాకా వినిపిస్తూనే ఉంటుంది. ఒక్క నవలలో అయితే ఈ మార్పుకు నూరు పేజీలు దొరుకుతాయి. సిరీస్‌లో పదేళ్ళు దొరుకుతాయి.

తెలుగులో ఈ దారి కొత్తదేమీ కాదు. మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిస్టర్ పార్వతీశం’ మూడు భాగాలు. మొదటి భాగంలో మొగల్తూరు నుంచి బయల్దేరి ఓడెక్కిన అమాయకుడికీ, చివరి భాగంలో దేశానికి తిరిగివచ్చిన మనిషికీ ఎంత తేడా! మనలో చాలామంది మొదటి భాగం దగ్గరే నవ్వి ఆగిపోయాం. ఆగిపోతే పార్వతీశం మనకు హాస్యపాత్రగానే మిగిలిపోతాడు. ఎదిగిన మనిషిని చూడాలంటే మిగిలిన మెట్లు ఎక్కాలి.

మధ్య పుస్తకాలు నీరసంగా ఉంటాయన్న ఫిర్యాదు ఈ రకానికి ఎప్పుడూ ఉంది. మోకాళ్ళ పర్వతం లాంటివే అవి. కొన్ని నిజంగానే నీరసం, అమ్మకాల కోసం సాగదీసినవి. పత్రికల్లో సీరియళ్ళు చదివిన తరానికి చెప్పనక్కరలేదు. ‘సశేషం’ అన్న మూడక్షరాలు ఎప్పుడు కథ కోసం పడ్డాయో, ఎప్పుడు పత్రిక కోసం పడ్డాయో పాఠకులకు ఇట్టే తెలిసిపోయేది.

వయసుల లెక్క: ఎవరు ముందు పెరుగుతారు?

హారీ పాటర్ పుస్తకాలు ఏడు. మొదటిది 1997లో, చివరిది 2007లో వచ్చాయి. ఒక్కో పుస్తకం కథలో ఒక చదువుల సంవత్సరం. మొదటి దానిలో హారీకి పదకొండు నిండుతాయి, చివరి దానిలో పదిహేడు. 1997లో పదకొండేళ్ళున్న ఒక పాఠకురాలిని ఊహించుకుందాం. 2000లో నాలుగో పుస్తకం వచ్చింది, ఆమెకూ పద్నాలుగు, హారీకీ పద్నాలుగు. ఇద్దరూ ఒకే బెంచీలో ఉన్నారు. అయిదో పుస్తకానికి మూడేళ్ళు ఎదురుచూసింది. 2003లో ఆమెకు పదిహేడు, హారీకి పదిహేను. 2007లో చివరి పుస్తకం తెరిచినప్పుడు ఆమెకు ఇరవై ఒకటి. హారీకి పదిహేడే. క్లాసులో పక్కన కూర్చున్నవాడు తమ్ముడైపోయాడు.

పుస్తకాలు కూడా ఆమెతో పాటు లావెక్కాయి. బ్రిటిష్ ముద్రణలో మొదటిది 223 పేజీలు, అయిదోది 766. పదకొండేళ్ళ పిల్లల కోసం మొదలైన కథలో చావులు, మోసాలు, దొరతనం చెప్పే అబద్ధాలు చేరాయి. ఇది ఏ వయసు సిరీస్ అని అడిగితే, ఏ పుస్తకం సంగతి అడుగుతున్నారని ఎదురు అడగాలి.

ఇప్పుడు మా మేనకోడలి లెక్క. ఆన్ మొదటి పుస్తకంలో పదకొండేళ్ళ అనాథ. ఎనిమిదో పుస్తకంలో యాభై దాటిన తల్లి, కథ ఆమె చిన్న కూతురు రిల్లాది, వెనుక మొదటి ప్రపంచ యుద్ధం. ఒకప్పటి పాఠకులు ఈ దూరం నడవడానికి ఏళ్ళు పట్టింది. ఈ పిల్ల నలభై అయిదు రోజుల సెలవుల్లో నలభై ఏళ్ళు నడిచేయాలని చూస్తోంది. అది వేరే రకం సుఖం. ఎదురుచూపు ఉండదు, ఆన్‌తో పాటు పెరగడం ఉండదు. కానీ ఆదివారం పలక పగలగొట్టిన పిల్ల మరుసటి ఆదివారానికి టీచరమ్మ అయిపోవడం చూస్తే వయసు ఎంత వేగంగా గడుస్తుందో పదహారేళ్ళకే ఒక రుచి తెలుస్తుంది.

నాలుగో పుస్తకం ఎప్పుడు చదవాలి?

సెట్టు మీద 1 నుంచి 8 దాకా అంకెలు వేసి ఉన్నాయి. కానీ రచయిత్రి ఆ వరుసలో రాయలేదు. మొదటి మూడు 1908, 1909, 1915లో వచ్చాయి. తర్వాత 1917లో పెళ్ళి, కాపురం కథ, ఇది సెట్టులో అయిదోది. 1919లో ఏడోది, 1921లో ఎనిమిదోది. అక్కడితో అయిపోయిందనుకున్నారు. పదిహేనేళ్ళ తర్వాత, 1936లో ఆమె వెనక్కి వెళ్ళి పెళ్ళికి ముందు మూడేళ్ళ కథ రాసింది, అదే నాలుగోది. 1939లో ఆరోది.

ఆన్ వయసు వరుసలో చదివితే ఆమె జీవితం తిన్నగా సాగుతుంది, కానీ మధ్యమధ్య గొంతు మారినట్టు ఉంటుంది. నాలుగోదానిలో చాలా భాగం ఆన్ గిల్బర్ట్‌కు రాసిన ఉత్తరాలే, ముగింపు తెలిసిన మనిషి తీరికగా రాసిన పుస్తకం అది. అచ్చయిన వరుసలో చదివితే రచయిత్రి ఎదుగుదల కనిపిస్తుంది, ఆన్ మాత్రం యాభై దాటి మళ్ళీ ఇరవై రెండుకు వస్తుంది. మొదటిసారి చదివేవారికి వయసు వరుసే మేలని నాకు అనిపిస్తుంది. అక్క ఒప్పుకోలేదు. “మనం గుర్తు చేసుకునేది మాత్రం వరుసలోనా?” అంది.

మరిల్లా పేజీ

మొదటి పుస్తకం చివర్లో ఆన్‌ను పెంచిన ముసలాయన మాథ్యూ చనిపోతాడు. డబ్బు దాచుకున్న బ్యాంకు మునిగిందన్న వార్త చదివి గుమ్మంలోనే కూలిపోతాడు. ఆ రాత్రి, అప్పటిదాకా ఎన్నడూ మెత్తగా మాట్లాడని ఆయన చెల్లెలు మరిల్లా ఆన్ గదిలోకి వచ్చి, నువ్వంటే నాకు కన్నబిడ్డ కంటే తక్కువ కాదు, పైకి చెప్పడం ఎప్పుడూ చేతకాలేదన్న అర్థం వచ్చే మాట అంటుంది.

మేనకోడలు ఆ పేజీ దగ్గర ఆన్ కోసం ఏడ్చింది. నాన్నలాంటి మనిషి పోయాడు, వచ్చిన స్కాలర్‌షిప్ వదులుకోవాలి, ఇక చదువు ఎలా అని. అక్క అదే పేజీ దగ్గర మరిల్లా కోసం ఏడ్చింది. ఇన్నేళ్ళు మనసులో పెట్టుకున్న మాట చెప్పడానికి ఒక చావు కావలసి వచ్చిందా అని. అక్క ఆ మాట చెబుతున్నప్పుడు కూతురు వంటింటి గుమ్మంలోనే ఉంది. ఇద్దరూ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పాలు పొంగాయి.

పెద్దలు ఈ పుస్తకాలు కొనడం మా ఇంటి వింత ఏమీ కాదు. అమెరికాలో బౌకర్ సంస్థ 2012లో వెల్లడించిన సర్వేలో 12–17 ఏళ్ళవారి కోసం వేసిన పుస్తకాలు కొనేవారిలో 55 శాతం మంది 18 దాటినవారని తేలింది. అందులో చాలామంది కొన్నది తాము చదువుకోవడానికే. మనస్తత్వ శాస్త్రవేత్తలు చెప్పే ఇంకొక సంగతి దీనికి దగ్గరగా ఉంది. వయసు మళ్ళినవారిని జీవితంలో గుర్తున్న ఘట్టాలు చెప్పమంటే పది నుంచి ముప్పై ఏళ్ళ మధ్యవి దట్టంగా వస్తాయట. మొదటిసారి జరిగినవన్నీ అక్కడే ఉంటాయి కదా.

రెండు వైపుల అభ్యంతరాలు

పెద్దలు చదవకూడదనేవారి మాటలో పస లేకపోలేదు. ఈ కథల్లో లోకం తరచు మంచిగా, చెడుగా తేలికగా విడిపోతుంది, చివరకు ఏదో ఒక దారి తెరుచుకుంటుంది. పెద్దల జీవితంలో ఏళ్ళ తరబడి తేలనివి ఉంటాయి, వాటిని రాసే సాహిత్యం వేరే ఉంది, ఎప్పుడూ పదహారేళ్ళ కిటికీలోంచే చూస్తే అది అందదు అంటారు. అయితే కిటికీ దగ్గర కాసేపు నిలబడినంత మాత్రాన ఇల్లు ఖాళీ చేసినట్టు కాదు. మా అక్క ఆన్‌ను చదివిన నెలలోనే రాచకొండ విశ్వనాథశాస్త్రి కథలూ చదివింది.

పిల్లల వైపు నుంచి వచ్చేది బరువైన అభ్యంతరం. ప్రేమ, శరీరం, హింస, ఆత్మహత్య ఆలోచనలు నేటి యంగ్ అడల్ట్ నవలల్లో దాపరికం లేకుండా వస్తున్నాయి. సినిమాలకు 2024 నుంచి యు/ఎ కింద 7+, 13+, 16+ అని మెట్లు పెట్టారు. పుస్తకాలకు అటువంటి ధ్రువపత్రం లేదు. తెలియని వయసులో తెలియనివి తలకెక్కుతాయని తల్లిదండ్రుల భయం. పిల్లలకు ఇవి ఎలాగూ ఫోనులో తెలుస్తాయి, కనీసం పుస్తకంలో ఒక మనిషి పక్కన కూర్చుని చెప్పినట్టు ఉంటుందని ఉపాధ్యాయుల్లో కొందరి మాట. రెండూ నిజమే కావడంతో చిక్కు. సిరీస్‌తో ఇది ఇంకాస్త ముదురుతుంది. మొదటి పుస్తకం చూసి సరేనన్న తల్లికి అయిదో పుస్తకంలో ఏముందో తెలియదు. ఆన్ అయిదో పుస్తకంలో పుట్టిన మొదటి బిడ్డ ఆ రోజే చనిపోతుంది. పలక పగలగొట్టిన పిల్లను చూసి కొనిచ్చినవారు ఆ పేజీని ఊహించరు.

తెలుగు అర

చిత్తూరు జిల్లా కేంద్ర గ్రంథాలయం మన ఇంటి పన్నుతో నడిచేదే. పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సుంకంగా వెళ్తాయి. తెలుగు గ్రంథాలయాల్లో బాల సాహిత్యం ఒక పక్క ఉంటుంది, నవలలు ఇంకొక పక్క. మధ్యలో పదమూడు నుంచి పద్దెనిమిది దాకా ఉన్నవారికి అంటూ విడిగా అర సాధారణంగా కనిపించదు. రాసేవారు లేకపోవడం ఒక కారణం. ఆ అయిదేళ్ళలో చదివే తీరిక లేకపోవడం దానికంటే పెద్ద కారణమని నా అనుమానం. పదో తరగతి, ఇంటర్, ప్రవేశ పరీక్షలు. మా మేనకోడలి హాస్టల్లో పాఠ్యపుస్తకం కానిదేదైనా దొరికితే వార్డెన్ తీసి పెట్టుకుంటారు. ఆ ఎనిమిది పుస్తకాలకూ ఫిజిక్స్, కెమిస్ట్రీ అట్టలు వేసి ఉన్నాయి. ఎదిగే వయసు గురించిన కథలు ఎదిగే వయసుకు దొంగసరుకు అయిపోయాయి, ఎదిగిపోయిన మా అక్కకు మాత్రం మధ్యాహ్నం పూట తీరిగ్గా దొరుకుతున్నాయి.

తగవు అలాగే ఉంది. కూతురు వయసు వరుసలో, తల్లి అచ్చు వరుసలో చదువుతున్నారు. సెలవులు అయిపోయి పిల్ల హాస్టలుకు వచ్చేసింది. నాలుగో పుస్తకం పూర్తి చేసి, అమ్మకు ఇమ్మని పోయిన ఆదివారం నా చేతిలో పెట్టింది, పైన కెమిస్ట్రీ అట్టతోనే. కాట్పాడి ప్యాసింజరులో కిటికీ పక్క సీటు దొరికింది. చంద్రగిరి దగ్గర ఊరికే తెరిచాను. పాకాల వచ్చేసరికి ఆన్‌కు ఇరవై రెండేళ్ళు, కొత్త ఊళ్ళో హెడ్‌మిస్ట్రెస్‌గా చేరింది, ప్రింగిల్ వంశం వాళ్ళంతా ఒక్కటై ఆమెను సాగనంపాలని చూస్తున్నారు. చిత్తూరు స్టేషన్లో దిగి అక్కకు ఫోను చేసి, పుస్తకం తిరుపతిలో మర్చిపోయానని చెప్పాను.